క్రూసేడుల కాలంలో మిరియాల దారి (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

1101వ సంవత్సరం, మే నెల. జెరూసలేంను ముస్లింల నుంచి తీసుకోవడానికి యూరప్ క్రైస్తవులు చేసిన యుద్ధాలనే క్రూసేడులు అంటారు. ఆ నెలలో పాలస్తీనా తీరంలో కైసారియా అనే రేవు పట్టణం క్రూసేడు సైన్యం చేతికి చిక్కింది. జెరూసలేం రాజు బాల్డ్విన్ నేల మీద నుంచి ముట్టడిస్తే, సముద్రం వైపు నుంచి ఇటలీలోని జెనోవా ఓడలు సాయానికి వచ్చాయి. ఊరు పట్టుకున్నాక జనాన్ని నరికారు, మిగిలినవాళ్ళను బానిసలుగా పట్టుకున్నారు, ఇళ్ళు దోచారు. ఆ తర్వాత పంపకాలు. ఆ పంపకాల లెక్క ఇవాళ్టికీ మన దగ్గరుంది. కఫారో అనే జెనోవా మనిషి ఆ దండయాత్రలో స్వయంగా ఉన్నాడు. తర్వాత తన ఊరి చరిత్ర రాస్తూ ఈ లెక్క కూడా రాసిపెట్టాడు. ఓడలకూ నాయకులకూ ఇవ్వాల్సింది పక్కన తీశాక, ఎనిమిది వేల మందికి తలా 48 సోల్దీల (అప్పటి నాణేలు) డబ్బు, రెండేసి పౌండ్ల మిరియాలు.

డబ్బు సంగతి అలా ఉంచండి. ఎనిమిది వేల మందికి రెండేసి పౌండ్లంటే పదహారు వేల పౌండ్ల మిరియాలు. కఫారో కాస్త పెంచి రాశాడనుకున్నా, ఒక మోస్తరు రేవులో దొరికిన సరుకుగా అది చాలా ఎక్కువ. ఆ రోజుల్లో యూరప్ చేరే మిరియాలు మన మలబారు కొండల్లో పండినవే. అరేబియా సముద్రం దాటి, యెమెన్‌లోని ఏడెన్ రేవు మీదుగా ఎర్రసముద్రం ఎక్కి, ఒంటెల మీద ఎడారి దాటి, నైలు నదిలో పడవ మీద దిగి, అక్కణ్ణుంచి ఇంకో ఓడ ఎక్కి ఆ గిడ్డంగులు చేరాయి. దేవుడి సమాధిని విడిపించడానికని ఇల్లు వదిలి వచ్చినవాళ్ళు వాటిని సంచుల్లో కట్టుకుని ఇంటికి పోయారు.

ఆ మిరియాలను అంత దూరం మోసుకొచ్చిన మనుషులకు ఈ యుద్ధం ఏం చేసింది? ఇవాళ మాట్లాడబోయేది దాని గురించే.

సాధారణంగా రెండు జవాబులు వింటుంటాం. క్రూసేడుల వల్లే తూర్పు పడమరల మధ్య వ్యాపారం మొదలైంది, వెనిస్ బాగుపడింది అని మన స్కూలు పుస్తకాల్లో ఉంటుంది. యుద్ధాలు వ్యాపారాన్ని నాశనం చేశాయని ఇంకొందరంటారు. మొదటిది తప్పని కైసారియా గిడ్డంగులే చెబుతున్నాయి, వ్యాపారం అప్పటికే ఉంది. రెండోది కూడా నిలవదు, ఎందుకంటే రెండు వందల ఏళ్ళ యుద్ధం తర్వాత మధ్యధరా సముద్రం మీద సరుకు పెరిగిందే గానీ తగ్గలేదు. నాకు అర్థమైనంత వరకు అసలు మార్పు సరుకు పరిమాణంలో లేదు. ఎవరు ఎంతవరకు పోగలరు అన్నదాంట్లో ఉంది. యుద్ధాలకు ముందు ఒక మామూలు వర్తకుడు, వెనక రాజు గానీ సైన్యం గానీ లేనివాడు, సిసిలీ నుంచి మంగళూరు దాకా తన చుట్టాలతో, స్నేహితులతో వ్యాపారం నడపగలిగేవాడు. 1300 నాటికి అది అలాంటివాడి వల్ల కాని పని. దారి ఈజిప్టు దగ్గర రెండు ముక్కలైంది. అటు సముద్రం క్రైస్తవులది, ఇటు సముద్రం ముస్లింలది, మధ్యలో ఒకటే వాకిలి. ఆ వాకిలి దగ్గర కూర్చున్నవాళ్ళు కోట్లు గడించారు. చిన్నవాడు మాయమయ్యాడు.

ఆ చిన్నవాణ్ణి మీకు ముందు పరిచయం చేయాలి. లేకపోతే పోగొట్టుకున్నదేమిటో తెలియదు.

పాత కైరోని ఫుస్తాత్ అంటారు. అక్కడి యూదుల ప్రార్థన మందిరంలో ఒక గది ఉండేది. దేవుడి పేరు రాసిన కాగితాన్ని పారేయకూడదు, తగలబెట్టకూడదు అన్నది వాళ్ళ ఆచారం. అందుకని చిరిగిన పుస్తకాలు, ఉత్తరాలు, పద్దులు, పెళ్ళి ఒప్పందాలు అన్నీ ఆ గదిలో పడేసేవారు. కొన్ని వందల ఏళ్ళ పాటు అలాగే చేశారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో వాటిని బయటికి తీస్తే లక్షల ముక్కలు వచ్చాయి. వాటిలో ఇండియాతో వ్యాపారం చేసినవాళ్ళ ఉత్తరాలు వందల్లో ఉన్నాయి. పన్నెండో శతాబ్దపు హిందూ మహాసముద్రం గురించి ఇంత దగ్గరగా చెప్పే ఆధారం ఇంకోటి నేను చూడలేదు.

అందులో ఒకాయన అబ్రహాం బెన్ ఈజు. సొంతూరు ఇప్పటి ట్యునీషియాలోని మహదియా. ఏడెన్ వచ్చి, అక్కణ్ణుంచి 1132 ప్రాంతంలో మంగళూరు చేరాడు. దాదాపు పదిహేడేళ్ళు ఆ తీరంలోనే ఉన్నాడు. ఇక్కడి ఒక బానిస యువతిని విడుదల చేసి, ఆమెతో కాపురం పెట్టాడు, పిల్లల్ని కన్నాడు. కంచు వస్తువుల కార్ఖానా నడిపాడు. ఏడెన్ నుంచి పగిలిన పాత్రలు, రాగి పంపిస్తే, ఇక్కడి కంచరివాళ్ళ చేత కొత్త దీపాలు, పళ్ళేలు చేయించి తిరిగి పంపేవాడు. మిరియాలు, ఇనుము, పోకలు ఎగుమతి చేసేవాడు. ఆయనకు అటునుంచి ఎండు ద్రాక్ష, పంచదార, కాగితం వచ్చేవి. కాగితం ఇండియాలో దొరకదని ఏడెన్ స్నేహితులు ప్రత్యేకంగా కట్టి పంపేవారు. ఆయన వ్యాపార ప్రతినిధి బొమ్మ అనే తుళునాటి మనిషి. ఏడెన్ నుంచి ఉత్తరం రాసే పెద్దమనిషి చివర్లో బొమ్మకు కూడా నమస్కారాలు రాసేవాడు.

ఈ మొత్తం ఏర్పాటు దేని మీద నిలబడింది? నమ్మకం మీద. మంగళూరులో ఉన్నవాడి సరుకు ఏడెన్‌లో ఇంకొకడు అమ్మిపెడతాడు, కమీషన్ కూడా తీసుకోడు, ఎందుకంటే అతని సరుకు ఇతను ఇక్కడ కొనిపెడతాడు. ఇందులో యూదులు ముస్లింలతో కూటాలు కట్టారు, హిందూ ఓడ యజమానుల ఓడల్లో సరుకు వేశారు. ఎవరి దగ్గరా యుద్ధ నౌకలు లేవు.

అలాంటి మనిషి తలుపు యుద్ధం ఎలా తట్టిందో చూడండి. 1148లో సిసిలీ రాజు రెండో రోజర్ మహదియాను పట్టుకున్నాడు. మధ్యధరా తీరంలోని ఆఫ్రికా రేవులు ఒకటొకటిగా క్రైస్తవ రాజుల చేతిలోకి పోతున్న రోజులవి. బెన్ ఈజు అన్నదమ్ములు అక్కడే ఉన్నారు. ఆయన 1149లో తన పిల్లల్ని తీసుకుని మంగళూరు వదిలి ఏడెన్ వచ్చాడు, రాగానే తమ్ముడికి ఉత్తరం రాశాడు. ఆఫ్రికా తీరంలో జరిగింది విన్నాననీ, మీరు ఎలా ఉన్నారో తెలియక మనసు ఆగడం లేదనీ, ఇండియా నుంచి క్షేమంగా వచ్చాననీ, మనందరం బతకడానికి సరిపడా దేవుడు ఇచ్చాడనీ, వచ్చేయమనీ దాని సారాంశం. తమ్ముడి కుటుంబం అప్పటికే సిసిలీకి చేరి ఇబ్బందుల్లో ఉంది. ఆ కాగితాలు చదువుతుంటే, యుద్ధం గురించి రాజుల చరిత్రలు వంద చదివినా రాని అవగాహన వస్తుంది. మహదియాలో జరిగినదానికి మంగళూరులో ఒక ఇల్లు ఖాళీ అయింది.

ఇప్పుడు అటువైపు వెళదాం.

క్రూసేడు సైన్యాలు యూరప్ నుంచి వచ్చాయి గానీ, వాటికి ఓడలు లేవు. తీరం మీది కోటలు పట్టుకోవాలంటే ఓడలు కావాలి, తిండి రావాలన్నా, కొత్త మనుషులు రావాలన్నా, గుర్రాలు రావాలన్నా ఓడలే కావాలి. ఆ ఓడలు మూడు ఊళ్ళ దగ్గరున్నాయి: జెనోవా, పీసా, వెనిస్. వాళ్ళు భక్తితోనే వచ్చారు, కాదనను. జెనోవా వాళ్ళు 1099లో తమ ఓడల్ని విప్పి ఆ కలపతో జెరూసలేం ముట్టడికి యంత్రాలు కట్టించారు. కానీ వచ్చిన ప్రతిసారీ ముందు ఒప్పందం రాయించుకున్నారు. 1123లో వెనిస్ వాళ్ళకు జెరూసలేం రాజ్యం ఇచ్చిన పత్రం చూడండి. రాజ్యంలోని ప్రతి పట్టణంలో వాళ్ళకు సొంత వీధి, సొంత చర్చి, స్నానశాల, రొట్టెల పొయ్యి. వాళ్ళలో వాళ్ళు అమ్ముకునేటప్పుడు సొంత తూకాలు, కొలతలు. సుంకాల మినహాయింపు. తైరు నగరం పట్టుకుంటే అందులో మూడో వంతు. మరుసటి ఏడాది తైరు పడిపోయింది, మూడో వంతు వచ్చింది.

తూకం రాళ్ళు కూడా ఒప్పందంలో రాయించుకున్నారంటే, వాళ్ళు దేనికోసం వచ్చారో ఆలోచించండి. బెన్ ఈజు లాంటివాళ్ళు ప్రతి రేవులోనూ అక్కడి రాజు తూకానికి, అక్కడి సుంకానికి, అక్కడి న్యాయాధికారికి లోబడి వ్యాపారం చేశారు. వెనిస్ వాడు తన రాజ్యాన్ని కూడా వెంట తెచ్చుకున్నాడు. చుట్టాల నమ్మకంతో నడిచే వ్యాపారి, వెనక యుద్ధ నౌకలున్న వ్యాపారితో ఎన్నాళ్ళు పోటీ పడగలడు? నూరేళ్ళలో మధ్యధరా సముద్రం మీద యూదుల, ముస్లింల సొంత ఓడలు బాగా తగ్గిపోయాయి. 1183లో స్పెయిన్ ముస్లిం యాత్రికుడు ఇబ్న్ జుబైర్ హజ్‌కు బయల్దేరినప్పుడు సియూటా నుంచి అలెగ్జాండ్రియా దాకా ఎక్కింది జెనోవా వాళ్ళ ఓడే.

ఇబ్న్ జుబైర్ గురించి కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే యుద్ధమూ వ్యాపారమూ పక్కపక్కన ఎలా నడిచాయో కళ్ళకు కట్టినట్టు రాసింది ఆయనే.

1184లో ఆయన ముస్లింల డమాస్కస్ నుంచి క్రూసేడు రాజ్యంలోని ఏకర్ రేవుకు ప్రయాణం చేశాడు. అదే సమయంలో ఈజిప్టు, సిరియాల సుల్తాన్ సలాదీన్ కెరాక్ అనే క్రైస్తవ కోటను ముట్టడిస్తున్నాడు. ఆ ముట్టడి నడుస్తుండగానే ముస్లిం బిడారులు క్రైస్తవుల నేల మీదుగా పోతున్నాయి, క్రైస్తవ వర్తకులు డమాస్కస్ వస్తున్నారు. ఎవరూ ఎవరినీ ఆపడం లేదు, ఇద్దరూ సుంకం కడుతున్నారు. సైనికులు యుద్ధంలో ఉన్నారు, జనం శాంతిగా ఉన్నారు అని రాసి ఆశ్చర్యపోయాడు. ఏకర్ సుంకం కచేరీలో తివాచీలు పరిచిన అరుగుల మీద గుమాస్తాలు కూర్చున్నారట. వాళ్ళు క్రైస్తవులు, కానీ పద్దులు రాసేది అరబ్బీలో, మాట్లాడేదీ అరబ్బీయే. నల్లచేవ కర్రతో చేసి బంగారంతో అలంకరించిన సిరాబుడ్లు ముందున్నాయి. మూటలన్నీ దించి మర్యాదగానే సోదా చేశారనీ, దౌర్జన్యం లేదనీ రాశాడు. ఆయనకు ఫ్రాంకులంటే, అంటే యూరప్ నుంచి వచ్చిన ఈ క్రైస్తవులంటే, ఏమాత్రం ఇష్టం లేదు, ఆ ఊళ్ళను శపిస్తూనే రాస్తాడు. అందుకే ఈ మాటలకు విలువ ఎక్కువ.

ఏకర్ నాణేల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. క్రూసేడు రాజ్యం బంగారు నాణేలు పోసింది. వాటి మీద లిపి అరబ్బీ. ఈజిప్టు ఖలీఫాల దీనారును అచ్చంగా నకలు చేశారు, ఇస్లాం విశ్వాస వాక్యాలతో సహా. ఎందుకంటే చుట్టుపక్కల బజార్లలో చెల్లేది ఆ నాణెమే. నూరేళ్ళు ఎవరికీ అభ్యంతరం రాలేదు. 1250లో పోప్ నాలుగో ఇన్నోసెంట్ దాకా ఫిర్యాదు పోయింది, ఆయన నిషేధించాడు. అప్పుడు ఏకర్ టంకశాల ఏం చేసిందంటే, అరబ్బీ లిపిని అలాగే ఉంచి, శిలువ గుర్తు పెట్టి, క్రైస్తవ వాక్యాలను అరబ్బీలో ముద్రించింది. బజారూ ఒప్పుకుంది, పోపూ ఒప్పుకున్నాడు.

ఇదంతా వింటే వర్తకులకు యుద్ధం తగలనే లేదనిపించవచ్చు. అలా అనుకోవద్దు. ఈ శాంతి ఒక్క మనిషి దుడుకుతనంతో చెదిరిపోయేంత పల్చనిది. ఆ మనిషి రేనాల్డ్, ఇందాక చెప్పిన కెరాక్ కోట ప్రభువు.

1182 చివర్లో రేనాల్డ్ ఓడలను విడిభాగాలుగా కట్టించి, ఒంటెల మీద ఎడారి దాటించి, అకాబా దగ్గర ఎర్రసముద్రంలో దించాడు. అప్పటిదాకా ఎర్రసముద్రంలో క్రైస్తవ యుద్ధ నౌక లేదు. ఐధాబ్ రేవు మీద పడ్డారు. ఐధాబ్ అంటే ఇండియా, యెమెన్ సరుకులు దిగి, ఒంటెల మీద నైలు నది వైపు బయల్దేరే చోటు. ఇబ్న్ జుబైర్ ఆ దారిలోనే పోయాడు. ఒంటెలు అలసిపోతే మిరియాల బస్తాలు, దాల్చినచెక్క బస్తాలు దారి పక్కనే దించేసి పోయేవారట, కాపలా ఉండదు, తిరిగి వచ్చి తీసుకునేదాకా ఎవరూ ముట్టరు. అంత భద్రంగా ఉన్న దారి అది. రేనాల్డ్ మనుషులు పదహారు ఓడలు తగలబెట్టారని, యెమెన్ నుంచి వర్తకులతో వస్తున్న రెండు ఓడలను పట్టుకున్నారని, యాత్రికులను చంపారని ఇబ్న్ జుబైర్ రాశాడు. చివరికి ఈజిప్టు నౌకాధిపతి లూలూ వెంటాడి వాళ్ళను పట్టుకున్నాడు. బందీలను ఒంటెల మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, డప్పులు కొడుతూ అలెగ్జాండ్రియా వీధుల్లో ఊరేగించారు. ఇబ్న్ జుబైర్ ఓడ దిగిన రోజుల్లో చూసింది ఆ ఊరేగింపే.

అంతటితో దాడి ముగిసింది, కానీ దాని ఫలితం మూడు వందల ఏళ్ళు నిలిచింది. ఎర్రసముద్రం మీద ఈజిప్టు సుల్తానుల పట్టు బిగిసింది. యూరప్ క్రైస్తవ వర్తకుడు అలెగ్జాండ్రియా దాకా రావచ్చు, కైరో దాటి పోవడానికి వీల్లేదు. ఇండియా వ్యాపారం కారిమీలు అనే ముస్లిం వర్తక బృందం చేతిలోకి వచ్చింది. వాళ్ళు గొప్ప ధనవంతులయ్యారు, సుల్తానులకే అప్పులిచ్చారు. ఫుస్తాత్ గదిలో ఇండియా ఉత్తరాలు పదమూడో శతాబ్దంలో సన్నగిల్లిపోతాయి. కారణాలు ఇంకా ఉన్నాయి, రేనాల్డ్ ఒక్కడి మీదే నెట్టను. కానీ ఒకప్పుడు ఒకే ఉత్తరంలో మంగళూరు, ఏడెన్, ఫుస్తాత్, సిసిలీ పేర్లు కనిపించేవి. అలాంటి ఉత్తరం రాయగలిగే మనిషికి చోటు లేకుండా పోయింది.

రేనాల్డ్ మళ్ళీ ఊరుకోలేదు. 1187కు కాస్త ముందు, సంధి అమల్లో ఉండగానే ఒక పెద్ద బిడారును దోచాడు. సలాదీన్ పరిహారం అడిగాడు, రేనాల్డ్ ఇవ్వనన్నాడు. 1187 జూలైలో హత్తీన్ యుద్ధం జరిగింది, జెరూసలేం రాజ్యం సైన్యమే తుడిచిపెట్టుకుపోయింది. రేనాల్డ్‌ను సలాదీన్ తన చేత్తోనే నరికాడు. ఒక బిడారు దోపిడీ వల్ల రాజ్యం పోయిందంటే అతిశయోక్తి అవుతుంది గానీ, సలాదీన్‌కు యుద్ధం ప్రకటించడానికి సాకు మాత్రం ఆ బిడారే ఇచ్చింది.

(సభలోంచి ప్రశ్న: ఇటలీ వర్తకులు శత్రువుతో వ్యాపారం చేస్తుంటే మత పెద్దలు ఊరుకున్నారా?)

మంచి ప్రశ్న. ఊరుకోలేదు. 1179లో చర్చి మహాసభ శాసనం చేసింది: ముస్లింలకు ఆయుధాలు, ఇనుము, ఓడల కలప అమ్మేవాణ్ణి మతం నుంచి వెలివేస్తాం, ఆస్తి జప్తు చేస్తాం, వాణ్ణి పట్టుకున్నవాడు బానిసగా ఉంచుకోవచ్చు. ఈ సరుకులే ఎందుకంటే, ఈజిప్టులో అడవుల్లేవు, ఇనుము లేదు. ఓడ కట్టాలంటే దుంగ కూడా బయటి నుంచి రావాల్సిందే. ఆ బేరంలో లాభం విపరీతం. సలాదీన్ బాగ్దాద్ ఖలీఫాకు రాసిన ఉత్తరంలో వెనిస్, పీసా, జెనోవా పేర్లు చెప్పి, వీళ్ళు ఒకప్పుడు మన మీద దాడి చేసినవాళ్ళు, ఇప్పుడు తమ యుద్ధ సామగ్రినే మనకు తెచ్చి అమ్ముతున్నారు అని గొప్పగా చెప్పుకున్నాడు.

1198లో పోప్ మూడో ఇన్నోసెంట్ మొత్తం వ్యాపారమే ఆపమన్నాడు. వెనిస్ రాయబారులు వెళ్ళి మొరపెట్టుకున్నారు: మాకు పొలాల్లేవు, ఓడలూ బేరాలూ తప్ప బతుకు లేదు, ఇది మాకు పెద్ద దెబ్బ. ఆయన మెత్తబడి ఇనుము, జనపనార, తారు, తాళ్ళు, కలప, ఆయుధాలు తప్ప మిగిలినవి అమ్ముకోవచ్చన్నాడు. తర్వాతి కాలంలో ఇది ఇంకా చిత్రంగా మారింది. నిషేధం ఉంటుంది, దానికి లైసెన్సు కూడా ఉంటుంది. లైసెన్సు లేకుండా వెళ్ళొచ్చినవాడు లాభంలో కొంత చెల్లిస్తే పాపవిమోచనం. అంటే నిషేధం ఒక కొత్త సుంకంగా మారింది. దాన్ని భరించగలిగేది పెద్ద కంపెనీలూ, నగర ప్రభుత్వాలూ. చిన్నవాడు ఇక్కడా ఓడిపోయాడు.

గ్రీకుల బైజాంటైన్ సామ్రాజ్య రాజధాని కాన్‌స్టాంటినోపుల్ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. 1201లో క్రూసేడు నాయకులు 33,500 మందిని సముద్రం దాటించడానికి వెనిస్‌తో 85,000 మార్కుల వెండికి ఒప్పందం చేసుకున్నారు. వెనిస్ ఏడాదికి పైగా మిగిలిన పనులు మానుకుని ఓడలు కట్టింది. తీరా వచ్చింది మూడో వంతు మనుషులు. బాకీ తీరలేదు. ఆ బాకీ కింద సైన్యం ముందు జారా అనే క్రైస్తవ పట్టణాన్ని వెనిస్ కోసం కొట్టింది, తర్వాత సింహాసనం కోసం తిరుగుతున్న ఒక రాకుమారుడు ఆశపెట్టిన డబ్బు కోసం కాన్‌స్టాంటినోపుల్ మీదికి పోయి, 1204 ఏప్రిల్‌లో ఆ మహానగరాన్ని దోచింది. క్రైస్తవులే క్రైస్తవుల రాజధానిని కాల్చారు. సామ్రాజ్యంలో ఎనిమిదింట మూడు వంతులు వెనిస్ వాటా. వ్యాపారం వైపు నుంచి చూస్తే దీనివల్ల అన్నిటికన్నా పెద్ద మార్పు, అప్పటిదాకా ఇటలీ ఓడలకు సరిగా అందని నల్లసముద్రం తెరుచుకోవడం.

ఆ నల్లసముద్రం నుంచి వచ్చిన సరుకుల్లో మనుషులున్నారు. చెప్పడానికే బాధగా ఉండే భాగం ఇది. అప్పుడు ఈజిప్టును ఏలుతున్న మామ్లూకుల సైన్యానికి వెన్నెముక కొని తెచ్చిన బానిసలే. గడ్డిమైదానాల కిప్చాక్ తెగల మగపిల్లల్ని కొని, మతం మార్చి, గుర్రపుస్వారీ నేర్పి సైనికులుగా చేస్తారు. 1261లో కాన్‌స్టాంటినోపుల్ మళ్ళీ గ్రీకుల చేతికి వచ్చాక, జెనోవాకు నల్లసముద్రంలో పెత్తనం దొరికింది. అక్కణ్ణుంచి పిల్లల్ని ఈజిప్టుకు చేర్చడంలో జెనోవా ఓడలు ముందున్నాయి. ఆ మామ్లూకు సైన్యమే 1268లో ఆంటియోక్‌ను, 1289లో ట్రిపోలీని, చివరికి 1291లో ఏకర్‌ను తీసుకుంది. తమ మతంవాళ్ళ ఆఖరి కోటను కూల్చిన సైన్యానికి మనుషుల్ని సరఫరా చేసింది క్రైస్తవ వర్తకులే. ఆ పిల్లల తల్లుల వైపు నుంచి ఈ వ్యాపారం గురించి ఒక్క ఉత్తరం కూడా మనకు మిగల్లేదు.

ఏకర్ పడిపోయాక పోప్ నాలుగో నికొలస్ ఈజిప్టుతో వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించాడు. వెంటనే దారి పక్కకు జరిగింది. ఇప్పటి టర్కీ దక్షిణ తీరంలో అప్పుడున్న ఆర్మేనియా రాజ్యంలోని అయాస్ రేవు, సైప్రస్ దీవిలోని ఫమగుస్తా అమాంతం వెలిగిపోయాయి. ఫమగుస్తా వర్తకుడొకడు కూతురి పెళ్ళికి పెట్టిన తలనగలు ఫ్రాన్సు రాణి నగలకన్నా విలువైనవని ఒక జర్మన్ యాత్రికుడు రాశాడు. ఆ వైభవం నిలబడలేదు. 1337లో మామ్లూకులు అయాస్‌ను తీసుకున్నారు. 1340ల్లో వెనిస్ పోప్ దగ్గర లైసెన్సు తెచ్చుకుని, 1345లో అలెగ్జాండ్రియాకు మళ్ళీ ఓడలు పంపింది.

అయాస్ పేరు మనకు ఇంకోలా గుర్తుండాలి. 1271లో మార్కో పోలో తూర్పుకు బయల్దేరింది ఆ రేవు నుంచే. తిరుగు దారిలో మన తీరం గురించి వింటూ ముత్ఫిలి రాజ్యమని రాశాడు, అది మోటుపల్లి. అక్కడి వజ్రాల గురించీ, సాలెగూడంత సన్నని బట్టల గురించీ, న్యాయంగా పాలించే రాణి గురించీ రాశాడు. రుద్రమదేవి గురించే అని చరిత్రకారుల అభిప్రాయం.

మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలో సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరు. అక్కడి వీరభద్రాలయంలో రుద్రమ తండ్రి గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం ఉంది, 1244 నాటిది. పూర్వపు రాజులు తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా బలవంతంగా లాక్కునేవారని, ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రం మీద సాహసం చేసేవాళ్ళ మీద దయతో, తాను నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా వాళ్ళకే వదులుతున్నానని అందులో ప్రకటించాడు. సుంకాల పట్టీలో గంధం, కర్పూరం, ముత్యాలు, ఏనుగు దంతం, రాగి, సీసం, పట్టు, మిరియాలతో పాటు పగడం కూడా ఉంది. మేలురకం ఎర్ర పగడం మధ్యధరా సముద్రంలోనిది. యుద్ధాల నడుమ నుంచి, అలెగ్జాండ్రియా వాకిలి దాటి, ఎన్ని చేతులు మారి మన తీరానికి వచ్చిందో ఊహించండి.

ఈజిప్టు సుల్తాన్ కలావూన్ కూడా 1288లో ఇలాంటి అభయ పత్రమే ఇచ్చాడు. సింధు, హింద్, చైనా, యెమెన్ వర్తకులారా, మా దేశానికి రండి, మీకు న్యాయం, భద్రత దొరుకుతాయి అని పిలుపు. బానిసలను తెచ్చేవారికి అనుకున్నదానికన్నా ఎక్కువ ధర దొరుకుతుందని కూడా అందులోనే రాశాడు. మరుసటి ఏడాది ట్రిపోలీని నేలమట్టం చేసింది ఈ కలావూనే. రెండు శాసనాలూ ఒకే శతాబ్దంవి, రెండూ సముద్ర వర్తకులకు ధైర్యం చెప్పేవే. ఒకటి తుఫాను భయం తీర్చడానికి పుట్టింది, రెండోది యుద్ధానికి మనుషుల్ని, డబ్బును సమకూర్చడానికి కూడా పనికొచ్చింది. నా దృష్టిలో ఆ తేడా చిన్నది కాదు.

ఒక్క 1365 గురించి చెప్పి ముందుకు పోతాను. సైప్రస్ రాజు పీటర్ ఆ అక్టోబరులో క్రూసేడు పేరుతో అలెగ్జాండ్రియా మీద పడ్డాడు. వారం రోజుల లోపే దోపిడీ ముగించుకుని, ఓడలు నిండా నింపుకుని పారిపోయాడు. తగలబడిన వాటిలో జెనోవా, కాటలాన్, మార్సెయ్ వర్తకుల సత్రాలు కూడా ఉన్నాయి. అంటే క్రూసేడు తన మతం వర్తకుల గిడ్డంగులనే కాల్చింది. ఆ తర్వాత ఈజిప్టు, సిరియాల్లో దొరికిన యూరప్ వర్తకులను జైల్లో వేశారు, స్థానిక క్రైస్తవుల నుంచి డబ్బు గుంజారు. తరతరాలుగా ఈజిప్టులోనే పుట్టి, అరబ్బీ మాట్లాడుతూ బతుకుతున్న ఆ కాప్టులకు పీటర్ ఎవరో కూడా తెలియదు. రాజీ కుదరడానికి 1370 దాకా పట్టింది. అన్నాళ్ళూ వెనిస్ రాయబారులు శాంతి కోసం కాళ్ళరిగేలా తిరిగారు.

చివరిగా 1498. వాస్కో డ గామా కాలికట్ దగ్గర లంగరు వేసి ఒక మనిషిని ఒడ్డుకు పంపాడు. అతనికి ఎదురైనవాళ్ళు ఇద్దరు ట్యునిస్ ముస్లింలు. వాళ్ళకు స్పెయిన్ భాష, జెనోవా భాష రెండూ వచ్చు. ఇంత దూరం ఏం వెతుక్కుంటూ వచ్చారని అడిగితే, క్రైస్తవులనూ సుగంధ ద్రవ్యాలనూ అని జవాబొచ్చింది. బెన్ ఈజు సొంత దేశంవాళ్ళే ఆ ఇద్దరూ. ముస్లింలకు ఆ దారి తెరిచే ఉంది కాబట్టి వాళ్ళు ముందే వచ్చి ఉన్నారు.

పోర్చుగీసువారు వాకిలిని తప్పించుకుని ఆఫ్రికా చుట్టూ తిరిగి వచ్చారు. కానీ వాకిలి అటువైపు నేర్చుకున్న యుద్ధాన్ని వదిలేసి రాలేదు. 1502లో గామా మక్కా నుంచి యాత్రికులతో తిరిగి వస్తున్న ఓడను మలబారు దగ్గర పట్టుకుని, ఆడవాళ్ళు, పిల్లలతో సహా తగలబెట్టించాడు. రేనాల్డ్ ఎర్రసముద్రంలో కొన్ని నెలలు చేసినదాన్ని వీళ్ళు హిందూ మహాసముద్రంలో శాశ్వత ఏర్పాటుగా చేశారు. కొద్ది ఏళ్ళలోనే ఇక్కడి ఓడ ఏదైనా కదలాలంటే పోర్చుగీసు పాసు కొనుక్కోవాల్సి వచ్చింది. పాసు లేని ఓడను దోచుకోవచ్చు, ముంచవచ్చు. మన తీరం నుంచి మలక్కాకు బట్టలు తీసుకెళ్ళే వర్తకులకు కూడా ఆ పాసు తప్పలేదు. ఆ పాసుల వ్యవస్థ మన రేవులను ఏం చేసిందన్నది ఇంకో ప్రసంగానికి సరిపోయే విషయం. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.